నాలుగో ఆజ్ఞ

జనవరిలో మినెసోటా వెళ్తున్నానంటే మా గుంటూరులో నవ్వనివాళ్ళు లేరు. "అక్కడివాళ్ళే ఈ నెలల్లో ఫ్లోరిడా పారిపోతారట, నువ్వెళ్ళి ఏం చేస్తావే?" అంది మా అక్క. వేసవిలో వెళ్ళొచ్చు. కానీ పిల్లల కన్ఫర్మేషన్ పెంతెకొస్తు పండక్కి పెట్టుకున్నారు కాబట్టి క్లాసులు చలికాలంలోనే జరగాలి. మా అమ్మాయి ఉండేది సెయింట్ పాల్ శివార్లలో. అక్కడ పాతిక ముప్ఫై తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఒక పాత లూథరన్ చర్చి బేస్‌మెంటులో నెలకి రెండుసార్లు ఆరాధన జరుపుకుంటారు. పిల్లలకి తెలుగులో ప్రశ్నోత్తరి చెప్పేవాళ్ళు లేరు. నేను హైస్కూల్లో 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. అంతకాలమూ ఆదివారం పొద్దున్నే సండే స్కూలు కూడా నడిపాను. "నువ్వొస్తే రెండు పనులూ అవుతాయమ్మా" అంది. రెండు పనులంటే మనవరాల్ని చూడ్డమూ, పాఠం చెప్పడమూ అనుకున్నాను. తెలుగూ, దేవుడూ అని దాని ఉద్దేశమట.

చలి సంగతి ఎంత చెప్పినా చెప్పినట్టుండదు. ఎయిర్‌పోర్టు తలుపు దాటగానే ముక్కులోపలి తడి గడ్డకట్టి, గాలి పీల్చిన ప్రతిసారీ సూదుల్లా గుచ్చింది. ఆ రోజు మైనస్ 26. విచిత్రమేమంటే ఎండ కాస్తూనే ఉంది. మబ్బు పడితేనే కాస్త నయమట, ఆకాశం నీలంగా మెరిసిందంటే ఆ రోజు చలి ఎక్కువని అర్థమట. వీళ్ళింటి దగ్గర చెరువు మీద జనం చిన్న చిన్న గదులు నిలబెట్టుకుని, మంచుకి చిల్లు పొడిచి చేపలు పడుతున్నారు. ఆ గదుల పక్కనే కార్లు ఆపుకున్నారు. "నీళ్ళమీద నడవడం ఇక్కడ మిరకిల్ కాదమ్మమ్మా" అంది మా మనవరాలు. ఆ జోకు తర్వాత క్లాసులో వాడుకున్నాను.

ఈ ప్రయాణానికి ఒప్పుకోడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. గుంటూరు లూథరన్లలో ఫాదర్ హయ్యర్ పేరు తెలియనివాళ్ళు తక్కువ. 1842 జూలై 31న గుంటూరు వచ్చాడాయన. కలెక్టరు హెన్రీ స్టోక్స్ రమ్మని ఆదరించాడు. అప్పటికి జిల్లా డొక్కల కరువులోంచి బయటపడి పదేళ్ళే. బడులు పెట్టాడు, మధ్యలో అమెరికా వెళ్ళి బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని మళ్ళీ వచ్చాడు, పల్నాడులో గురజాల దాకా వెళ్ళి పనిచేశాడు. ఇదంతా మాకు చిన్నప్పుడే కంఠతా. ఆ తర్వాతి సంగతి మాత్రం మాకెవరూ చెప్పలేదు. 1857లో అమెరికా తిరిగొచ్చాక ఆయన ఇంట్లో కూర్చోలేదు, మినెసోటా వెళ్ళాడు. అప్పటికి అది రాష్ట్రం కూడా కాదు, మరుసటేడు అయింది. సెయింట్ పాల్‌లో, చుట్టుపక్కల కొత్త ఊళ్ళలో వలసొచ్చిన జర్మన్లకి బోధించాడు. 1860లో మినెసోటా సినడ్ ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. పల్నాడు ఎండలు తిన్న ఒళ్ళు ఆ చలికి ఎలా ఓర్చుకుందో! వెళ్ళేనాటికి ఆయనకి 64, సరిగ్గా నా వయసు. నాకైతే సీటు కూడా వేడెక్కే కారుంది. 1869లో రాజమండ్రి మిషన్‌ని వేరే సంఘానికి అప్పగించేస్తారేమోనన్నప్పుడు, 76 ఏళ్ళ వయసులో, నేను వెళ్తానని మళ్ళీ ఓడెక్కాడు. ఇలాంటివాళ్ళని భక్తిపరులని అంటారు గానీ, నాకు ముందు కనపడేది మొండితనం. నేను దండం పెట్టేది కూడా దానికే.

క్లాసు శనివారం మధ్యాహ్నం రెండింటికి. మెట్లు దిగగానే కాఫీ వాసన, తడిసిన బూట్ల వరస, గోడ మీద వందేళ్ళనాటి పాస్టర్ల ఫోటోలు. పైన హాల్లో ముసలమ్మలు బొంతలు కుడుతుంటారు, ఎక్కడో శరణార్థుల శిబిరాలకి పంపడానికి. నార్వే నుంచీ స్వీడన్ నుంచీ వలసొచ్చినవాళ్ళ మనవరాళ్ళు వాళ్ళు. వాళ్ళలో ఒకావిడ నాదే ఊరని అడిగితే గుంటూరన్నాను, హయ్యర్ సంగతి చెప్పాను. ఆవిడ ఆ పేరెప్పుడూ వినలేదు. "అయితే మా అప్పు తీర్చడానికొచ్చారన్నమాట" అని నవ్వింది. లేదమ్మా, మా పిల్లలకి నేను చెప్పుకుంటున్నానన్నాను. ఆవిడ వాళ్ళ ఆదివారం ఆరాధన గురించి చెప్పింది. అరవై మంది వస్తే గొప్పట, అందులో పిల్లలు అయిదుగురట. చెప్తున్నంతసేపూ చేతిలో సూది ఆపలేదు.

నా క్లాసులో ఎనిమిదిమంది. పదకొండు నుంచి పధ్నాలుగేళ్ళ లోపువాళ్ళు. లూథరన్ పిల్లలు నలుగురే, మిగతావాళ్ళు బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. వాళ్ళు. పరాయి దేశంలో ఇన్ని వేరు కుంపట్లు ఎందుకని పెద్దవాళ్ళంతా కలిసి ఒకటే క్లాసు పెట్టుకున్నారు. మొదటిరోజే చిక్కొచ్చింది. "మా ముసలివాళ్ళు గుడికి వెళ్ళేవాళ్ళు" అన్నాను. "అంటే హిందూస్?" అన్నాడొకడు. గుంటూరు జిల్లాలో మేం చర్చిని గుడి అనే అంటాం. అయ్యగారు గుళ్ళో ఉన్నారు, గుడి గంట కొట్టారు, అనే. ఆ మాట వాళ్ళకి చేరలేదు. వాళ్ళ అమ్మానాన్నలు కూడా హైదరాబాదు మీదుగా వచ్చేసరికి చర్చి అనడం మొదలుపెట్టారు.

నేను పట్టుకెళ్ళింది లూథరు చిన్న ప్రశ్నోత్తరి. తెలుగువాళ్ళకి దానితో ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు మన దేశంలో అచ్చు కాలేదు, 1746లో జర్మనీలోని హాలే పట్నంలో అయ్యాయి. మద్రాసులో పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జే వేయించాడు. వాటిలో ఈ ప్రశ్నోత్తరి ఒకటి. అంటే మన అక్షరం సీసంలో మొదట పోతపోసుకున్నది ఇలాంటి ఒక చలిదేశంలోనే. ఇది చెబితే పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. తెలుగు మాస్టార్లకి తప్ప ఇలాంటివి ఎవరికీ ఆనవు.

వాళ్ళు పట్టించుకున్నది హిమాన్ని. పాపాలు హిమమంత తెల్లబడడం గురించి యెషయా ప్రవక్త చెప్పిన మాట ఉంది కదా. గుంటూరు పిల్లలకి ఆ పాఠం చెప్పాలంటే నేను దూదిపింజ చూపించేదాన్ని, పత్తికి మా జిల్లాలో లోటేముంది! ఇక్కడ కిటికీ చూపిస్తే చాలనుకున్నాను. ఒక పిల్ల చెయ్యెత్తింది. "అమ్మమ్మా, స్నో ఫస్ట్ డేనే వైట్. తర్వాత రోడ్ పక్కన బ్లాక్ అయిపోతుంది. మార్చ్‌లో కరిగితే కిందనుంచి అన్నీ బయటికొస్తాయి, కుక్కలవి కూడా." అందరూ నవ్వారు. ఆ ప్రవక్త కొండమీద మంచునే చూసి ఉంటాడు, రోడ్డు పక్క మంచుని చూసి ఉండడన్నాను. కానీ ఆ పిల్ల మాట నన్ను వదల్లేదు. కప్పబడడం వేరు, కడగబడడం వేరు. ఏ వ్యాఖ్యానంలోనూ నేను చదవని తేడా పన్నెండేళ్ళ పిల్ల చెప్పింది.

తర్వాత పది ఆజ్ఞలు. మళ్ళీ చిక్కు. తల్లిదండ్రుల్ని సన్మానించమనే ఆజ్ఞ మా లూథరన్ లెక్కలో నాలుగోది, బాప్టిస్టుల లెక్కలో అయిదోది. దానిమీద అరగంట వాదించుకున్నారు. ఆ పైన "సన్మానం అంటే శాలువా కప్పడం కదా? సంక్రాంతి ఫంక్షన్‌లో చేశారు" అన్నాడొకడు. తెలుగు సంఘం వాళ్ళ సభలో చూశాడట. తప్పేం లేదు, ఈరోజుల్లో ఆ మాటకి మిగిలిన అర్థం అదే. శాలువా కప్పాలంటే ముందు ఎవరికి కప్పుతున్నామో తెలియాలి కదా అని, వచ్చేవారానికి ఇంటిపని ఇచ్చాను: మీ తాతల, ముత్తాతల పేర్లు, వాళ్ళు చేసిన పని, వాళ్ళున్న ఊరు. ఎనిమిది కాగితాలు పంచాను.

ఆ రాత్రి ఎనిమిదింటికల్లా మా అమ్మాయి ఫోన్ మోగడం మొదలుపెట్టింది.

ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు. "పిల్లలకి బైబిలు చెప్పండి ఆంటీ, ఊరి సంగతులు వద్దు." ఊరి సంగతులంటే ఏమిటో తెలుగు తెలిసినవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. ఇక్కడ ఏ తెలుగు విందులోనైనా ఎవరైనా పరిచయమైతే మొదటి ప్రశ్న "మీదే ఊరండీ?" రెండోది "ఊళ్ళో ఎక్కడ?" ఆ రెండోదాని దగ్గరే చాలామంది ప్లేటు పట్టుకుని ఇంకో బల్ల దగ్గరికి జరుగుతారు. జరిగేవాళ్ళని నేను చూశాను. నా కూతురే జరిగింది.

వాళ్ళలో ఒక తల్లి చెప్పినదానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆవిడ తండ్రి ఊళ్ళో గుళ్ళో సంఘపెద్ద, ఆఫీసు కాగితాల్లో హిందువు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రారు, మా రాష్ట్రంలో వాళ్ళని బి.సి.-సి అని వేరే పెట్టారు, 1 శాతం. అందుకని రెండు పేర్లతో బతికిన తండ్రులు మా దగ్గర కొల్లలు. "మా నాన్న రిటైరయ్యేదాకా నేను నోరు విప్పకుండా పెరిగాను ఆంటీ. ఆదివారం వీధిలో ఎవరైనా కనపడితే బైబిలు చున్నీలో దాచేదాన్ని. ఇన్ని వేల మైళ్ళు వచ్చింది నా కొడుకు అది మొయ్యకుండా ఉండడానికే. మీరు దాన్ని మళ్ళీ వాడి నెత్తికెత్తుతున్నారు." ఈ మాటని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళకి ఆ చున్నీ బరువు తెలియదు.

అయినా నేను ఆలోచించినకొద్దీ ఒకటే తోచింది. వాళ్ళ పిల్లల సంగతి చెప్పడానికి నాకు హక్కు లేదు. నా సంగతి చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తర్వాతి శనివారం ఆరు కాగితాలు తిరిగొచ్చాయి. ఒకదాన్లో అంతా "ఫార్మర్", "ఫార్మర్", "ఫార్మర్." ఒకదాన్లో ఒక్క ముక్క లేదు. ఆ పిల్లాడు బల్ల కింద చేతులు పెట్టుకుని, "డాడీ బ్లాంక్‌గా ఇవ్వమన్నారు" అన్నాడు. సరే నాన్నా, అక్కడ పెట్టు అని నా కాగితం తీశాను.

మా ముత్తాత పేరు పోలయ్య. పోలేరమ్మ పేరు. మాలపల్లెలో పుట్టాడు, ఊళ్ళో ఒక ఆసామి దగ్గర పాలేరు. ఊరబావిలో చేద వెయ్యడానికి లేదు. ఎవరైనా వచ్చి తోడి, ఎత్తునుంచి దోసిట్లో పోస్తే తాగాలి. ఎవరూ రాకపోతే అక్కడే కూర్చోవాలి. మిషన్ వాళ్ళు పంపిన ఉపదేశి రాత్రిపూట లాంతరు పట్టుకుని పల్లెకొచ్చి బడి చెప్పేవాడు, పగలంతా అందరూ పొలాల్లో ఉంటారు కాబట్టి. అక్షరాలు రాకముందే ఇదిగో ఈ ప్రశ్నలూ జవాబులూ నోటికి వచ్చేశాయట ముత్తాతకి. తర్వాత అక్షరాలూ వచ్చాయి. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పోలయ్య పౌలయ్య అయ్యాడు. ఓత్వం ఔత్వమైంది, అంతే తేడా. ఆ ఏడు ఆసామి ప్రోనోటు మీద వేలిముద్ర వెయ్యమంటే, సంతకం పెడతానన్నాడు. ఆ సంవత్సరమంతా ఆయనకి ఊళ్ళో పనిచ్చినవాడు లేడు. మా ముత్తవ్వ అంకమ్మ గడ్డి కోసి, తుమ్మకాయలు ఏరి అమ్మి పిల్లల్ని సాకింది.

ఇదంతా తెలుగులో సగం, నాకొచ్చిన ఇంగ్లీషులో సగం చెప్పాను. హిమం గురించి మాట్లాడిన పిల్లే మొదట అడిగింది. "వాటర్ ఫౌంటెన్స్ లాగానా?" వాళ్ళ స్కూల్లో ఆ నెలే మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజు జరిపారు, నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ వేరే నీళ్ళ కుళాయిలున్న ఫోటోలు చూపించారు. అలాంటిదేనన్నాను. వాళ్ళ మొహాలు చూశాను. ఎనిమిదిమందికీ అంతకాలం ఆ ఫోటోలు వేరేవాళ్ళవి.

"మరి నీళ్ళివ్వనివాళ్ళు ఎవరు? వాళ్ళు కూడా తెలుగేనా?"

తెలుగేనన్నాను.

"వాళ్ళ గ్రాండ్ చిల్డ్రన్ మా స్కూల్లో ఉన్నారా?"

ఉండొచ్చన్నాను. పెద్దవాళ్ళు భయపడింది సరిగ్గా ఈ ప్రశ్నకే. ఆ పిల్లలతోనే వీళ్ళు బాస్కెట్‌బాల్ ఆడతారు, కూచిపూడి క్లాసుకి ఒకే కారులో వెళ్తారు. వాళ్ళూ మీలాంటి పిల్లలే, వాళ్ళకీ ఎవరూ ఏమీ చెప్పి ఉండరన్నాను. ఇంకోటి కూడా చెప్పాను: గుళ్ళోకి వచ్చాక కులం పోయిందనుకోకండి. మాలల గుడి, మాదిగల గుడి అని వేరే ఉన్న ఊళ్ళు నేనెరుగుదును. సంఘం ఎన్నికలొస్తే ఎవరు ఎవరికి ఓటేస్తారో ముందే లెక్క కడతారు, పెళ్ళిళ్ళ సంగతి సరేసరి. అది చెప్పకపోతే ఎనిమిదో ఆజ్ఞ మీరినట్టవుతుంది. (బాప్టిస్టులకి తొమ్మిదోది.)

కాగితం ఖాళీగా ఇచ్చిన పిల్లాడు చివరిదాకా ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "అమ్మమ్మా, మీ ముత్తాత సిగ్నేచర్ ఉందా?" అన్నాడు. లేదు నాన్నా, ఆ కాగితం ఆసామి ఇంట్లోనే ఉండిపోయిందన్నాను.

ఆపై వారం ఇద్దరు పిల్లలు రాలేదు. ఒకడు ఆ చున్నీ తల్లి కొడుకు. మా అమ్మాయి రెండ్రోజులు నాతో ముభావంగా ఉంది. "నువ్వు ఏప్రిల్‌లో వెళ్ళిపోతావు, మేం ఇక్కడ ఉండాలి" అంది. నిజమే. హయ్యర్‌కీ ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు. వచ్చి కదిపి పోయేవాళ్ళకీ, ఉండి కాపరం చేసుకునేవాళ్ళకీ ఎప్పుడూ పడదు. కానీ ఆ కాగితాన్ని మా అమ్మాయి పారెయ్యలేదు. మా మనవరాలు పోలయ్య, అంకమ్మ అని రాసిన ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. ఆ ఇంటికి ఎవరొచ్చినా మొదట చూసేది ఫ్రిజ్‌నే. తీసెయ్యమని మా అమ్మాయి అంటుందేమోనని చూశాను, అనలేదు.

తర్వాత మంచు తుఫాను. రెండురోజులు ఏకధాటిగా కురిసి, కారు ఎక్కడుందో కూడా తెలియకుండా కప్పేసింది. క్లాసు రద్దు. ఆ తర్వాతి శనివారం మైనస్ 20లో, ఎవరొస్తారులే అనుకుంటూ మెట్లు దిగితే ఏడుగురున్నారు. ఆ తల్లి కొడుకు రాలేదు, తర్వాత కూడా రాలేదు. ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఆదివారం ఆరాధనలో కనపడితే వందనాలు ఆంటీ అంటుంది, వందనాలమ్మా అంటాను. ఆవిడ దగ్గర ఇంకా చాలా మాటలున్నాయి, నా దగ్గరా ఉన్నాయి.

ఆ రోజు పరలోక ప్రార్థన మొదలుపెట్టాం. అనుదినాహారం దగ్గర లూథరు రొట్టెతో ఆగకుండా ఇల్లూ వాకిలీ, మంచి వాతావరణం, మంచి ఇరుగుపొరుగు అన్నీ ఆ ఒక్క మాటలోకే తెచ్చి కలుపుతాడు. "మంచి వాతావరణం" అనగానే ఏడుగురూ కిటికీ వైపు చూసి గొల్లుమన్నారు.

క్లాసయ్యాక బయటికొస్తే పార్కింగులో ఖాళీ కాగితం పిల్లాడి తండ్రి కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు. ఇంజను ఆన్‌లో ఉంది, పిల్లాడు లోపల వెచ్చగా కూర్చున్నాడు. నన్ను చూసి గీకడం ఆపాడు.

"టీచరుగారూ, మీ పల్లె కాలవకి ఇవతలా, అవతలా?"

"అవతలే బాబూ. మా దగ్గర పల్లెలన్నీ కాలవకి అవతలే కదా."

ఆయన తలూపాడు. నోట్లోంచి ఆవిరి. "మాదీ అవతలే. మా తాత చెప్పులు కుట్టేవాడు. చాలా బాగా కుట్టేవాడట, తెనాలి నుంచి కూడా వచ్చేవాళ్ళట." కాసేపాగి, "మావాడికి మీరు చెప్తారా? మీరైతే బాగా చెప్తారు" అన్నాడు.

"నాకేం తెలుసు మీ తాత గురించి? నువ్వే చెప్పు."

నా వేళ్ళు అప్పటికే మొద్దుబారాయి, మా అల్లుడు హారన్ కొడుతున్నాడు. కారెక్కి వెనక్కి చూస్తే, ఆయన కొడుకుని బయటికి పిలిచి ఇంకో గీకుడు కర్ర చేతికిచ్చాడు. ఇద్దరూ చెరో వైపు నుంచీ అద్దం గీకుతున్నారు. తండ్రి పెదాలు కదులుతున్నాయి. మా కారు అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఏమీ వినపడలేదు.